బంగారం మీద గ్రాఫీన్ నానోరిబ్బన్లు: 200కీ 400కీ మధ్య ఏం జరుగుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: బంగారం దేనితోనూ చర్య జరపదంటారు కదా, మరి దాని మీద అణువులు చల్లి వేడి చేస్తే గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర) నానోరిబ్బన్లు, అంటే అతి సన్నటి పట్టీలు, ఎలా తయారవుతాయి? ముందు 200 డిగ్రీలు, తర్వాత 400 డిగ్రీలు అని రెండు విడతలు ఎందుకు, ఒకేసారి 400కి తీసుకెళ్తే ఏం పోయింది? బంగారం బదులు రాగి వాడితే ఖర్చు తగ్గదా? మీ చేతిలో ఎస్‌టీఎం (తలం మీది పరమాణువుల్ని చూపించే స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్) లేదనీ, బయటి నుంచి వచ్చిన శాంపిళ్లను రామన్ (లేజర్ కాంతితో అణువుల కంపనాల్ని పసిగట్టే పరికరం) మీద మాత్రమే చూడగలరనీ కూడా రాశారు.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. ఎందుకంటే పీహెచ్‌డీ రెండో ఏడాదిలో సరిగ్గా ఆ పని చేసి దెబ్బతిన్నాను. శుక్రవారం సాయంత్రం, మెషీన్ మీద నా వంతు ఇంకో నాలుగు గంటల్లో అయిపోతుంది. అణువులను చల్లటి బంగారం మీద వేసేసి, కొద్ది నిమిషాల్లోనే 400 దాటించాను. రాత్రి ఎస్‌టీఎం కింద చూస్తే పొడుగాటి పట్టీలు లేవు. అన్నీ తుంపులు. కొన్ని పక్కదానికి అతుక్కుని వంకరగా కొమ్మలు వేశాయి. ఎవరో నూడుల్స్ నలిపి పారబోసినట్టుంది. మా గైడ్ ఆ బొమ్మ చూసి ఒక్కటే అడిగారు: "200 దగ్గర ఎంతసేపు ఆగావు?" ఆగలేదు. దాటిపోయాను. ఈ విషయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది: రిబ్బన్ పొడవునూ నాణ్యతనూ తేల్చేది ఆ రెండు ఉష్ణోగ్రతల మధ్య ఉన్న ఎడం.

ఇంత తంటా ఎందుకో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. గ్రాఫీన్‌కి బ్యాండ్ గ్యాప్ (కరెంటుని ఆపడానికి కావలసిన శక్తి ఎడం) లేదు, అందుకని దాంతో చేసిన ట్రాన్సిస్టర్ సరిగా ఆఫ్ కాదు. దాన్ని ఒకటి రెండు నానోమీటర్ల వెడల్పు పట్టీగా చేస్తే గ్యాప్ తెరుచుకుంటుంది. చిక్కేమిటంటే ఆ గ్యాప్ వెడల్పుకి విపరీతంగా లొంగుతుంది. ఆర్మ్‌చెయిర్ అంచు (చేతుల కుర్చీ ఆకారంలో మలుపులు తిరిగేది) ఉన్న పట్టీల్లో అడ్డంగా కార్బన్ వరసలు లెక్కపెట్టి పేరు పెడతారు. 7 వరసల పట్టీకి బంగారం మీద కొలిస్తే గ్యాప్ సుమారు 2.3 ఎలక్ట్రాన్ వోల్టులు. 9 వరసలకి 1.4. తగ్గుతూ పోయేదే అయితే 5 వరసలకి ఇంకా ఎక్కువ ఉండాలి, కానీ అక్కడ కొలిచింది 0.1 మాత్రమే! వరసల సంఖ్యని మూడుతో భాగిస్తే వచ్చే శేషాన్ని బట్టి ఈ పట్టీలు మూడు కుటుంబాలుగా విడిపోతాయి, 5 వేరే కుటుంబం. రెండు వరసలంటే పావు నానోమీటరు. ఏ లిథోగ్రఫీతో (చిప్పుల మీద నమూనాలు చెక్కే పద్ధతి) గ్రాఫీన్‌ని కోసినా అంచు ఆ మేరకు చిరుగుతుంది. 2009లో కార్బన్ నానోట్యూబుల్ని నిలువునా చీల్చి పట్టీలు చేశారు. అది ముచ్చటైన పనే గానీ, వెడల్పు మన చేతిలో ఉండదు.

అందుకే కోయడం మానేసి కట్టడం మొదలుపెట్టారు. 2010లో నేచర్ పత్రికలో జిన్‌మింగ్ కాయ్ మొదటి రచయితగా ఒక పేపరు వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని ఎంపా అనే పరిశోధన సంస్థలో రోమన్ ఫాసెల్ బృందం, జర్మనీలోని మైంజ్‌లో మాక్స్ ప్లాంక్ పాలిమర్ సంస్థకు చెందిన క్లాస్ మ్యూలెన్ బృందం కలిసి చేసిన పని. మైంజ్ వాళ్లు అణువు తయారుచేశారు, ఎంపా వాళ్లు దాన్ని బంగారం మీద కుట్టారు. (ఎంపా ఉన్న డ్యూబెన్‌డార్ఫ్, 1981లో ఎస్‌టీఎం పుట్టిన ర్యూష్లికాన్, రెండూ జ్యూరిక్ శివార్లే. ఈ రంగం సగం ఆ చుట్టుపక్కలే పెరిగింది.)

మనవాళ్లకి ఈ పద్ధతి చెప్పాలంటే నేను చుక్కల ముగ్గుతో చెప్తాను. ముగ్గులో అసలు పని చుక్కలు పెట్టేటప్పుడే అయిపోతుంది. ఎన్ని చుక్కలు, సరిచుక్కా సందుచుక్కా అన్నది తేలాక గీత ఎటు పోవాలో చాలావరకు తేలిపోయినట్టే. ఇక్కడ చుక్క అంటే మొదట వేసే అణువు. ఆ 2010 అణువు పేరు డైబ్రోమో బైఆంథ్రిల్, ల్యాబుల్లో అందరం డీబీబీఏ అంటాం. రెండు ఆంథ్రసీన్లు నడుముల దగ్గర ఒకే బంధంతో కలిసి ఉంటాయి, రెండు బయటి కొసల్లో చెరో బ్రోమిన్ ఉంటుంది. ఆంథ్రసీన్ అంటే మూడు బెంజీన్ వలయాల వరస, దాని పొడవులోనే 7 కార్బన్ వరసలు ఇమిడి ఉన్నాయి. అంటే రిబ్బన్ వెడల్పు సీసాలో ఉండగానే ఖరారైపోయింది. అదే పేపర్లో ఇంకో అణువుతో వంకీ ఉంగరంలా మెలికలు తిరిగే పట్టీ కూడా చేశారు. 2016లో జిగ్‌జాగ్ అంచు (రంపపు పళ్లలా ఉండేది) కావాలన్నప్పుడు గుర్రపునాడా లాంటి వేరే అణువు కట్టుకోవాల్సి వచ్చింది. చుక్కలు మారిస్తే ముగ్గు మారుతుంది.

ఇక బంగారం సంగతి. గోల్డ్ 111 అనే తలంగా కోసిన ఏకస్ఫటికం తీసుకుని, అల్ట్రా హై వాక్యూమ్‌లో పెట్టి, ఆర్గాన్ అయాన్లతో చెక్కి, 450 దాకా కాచి, మళ్లీ చెక్కి, మళ్లీ కాచి శుభ్రం చేస్తారు. పీడనం 10 కోట్లో వంతు పాస్కల్ స్థాయికి దిగాలి. తర్వాత చిన్న మూసలో డీబీబీఏ పొడిని సుమారు 200 డిగ్రీలకి కాస్తే అది ఆవిరై ఎదురుగా ఉన్న బంగారం మీద వాలుతుంది. ఈ భాగం గురించి ఇంతకంటే రాయను. నిజానికి మన సమయంలో ముప్పాతిక వంతు పోయేది ఇక్కడే.

అసలు కథ అణువు వాలాక మొదలవుతుంది. బెంజీన్ వలయానికి అంటుకున్న బ్రోమిన్‌ని ఖాళీ ప్రదేశంలో పీకాలంటే సుమారు మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. 200 డిగ్రీల దగ్గర ఉష్ణశక్తి 0.04 ఎలక్ట్రాన్ వోల్టులే. ఆ లెక్కన బ్రోమిన్ యుగాలు గడిచినా కదలకూడదు. కానీ బంగారం మీద ఆ అడ్డంకి ఒక ఎలక్ట్రాన్ వోల్టు దగ్గరకి దిగిపోతుంది. ఎందుకంటే బ్రోమిన్ శూన్యంలోకి పోవడం లేదు, పక్కనున్న బంగారు పరమాణువుల మీదకి జారుతోంది. అవతల ఒంటరిగా మిగిలిన కార్బన్ కూడా అంచు కిందికి వంచి బంగారాన్నే పట్టుకుంటోంది. చెరో చెయ్యికీ ఆసరా దొరికితే విడాకులు తేలికే. మీ మొదటి ప్రశ్నకి ఇదే జవాబు. బంగారం చర్య జరపదన్నది గాలికీ ఆమ్లాలకీ సంబంధించిన మాట. ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న కార్బన్‌కి అది బాగానే చేయి అందిస్తుంది. కాకపోతే గట్టిగా పట్టుకోదు. ఆ గట్టిగా పట్టుకోకపోవడం కూడా మనకి కావలసిందే, కింద రాగి దగ్గర చూద్దాం.

హాలోజన్ పీకి కార్బన్లని కలపడం కొత్త విద్యేమీ కాదు. ఫ్రిట్జ్ ఉల్మాన్ 1901లోనే రాగి పొడితో చేశాడు, అందుకే దీన్ని ఇప్పటికీ ఉల్మాన్ కలయిక అంటారు. 2007లో గ్రిల్, ఆయన సహచరులు బంగారం తలం మీద పోర్ఫిరిన్లనే పెద్ద వలయపు అణువులకి బ్రోమిన్లు తగిలించి, ఎన్ని బ్రోమిన్లు ఎక్కడ ఉంటే అణువులు ఆ ఆకారంలో కలుస్తాయని చూపించారు. రిబ్బన్ల వాళ్లు ఆ దారినే నడిచారు.

బ్రోమిన్లు పోయిన అణువుకి రెండు కొసల్లో రెండు ఖాళీ చేతులున్నట్టు. అది బంగారం మీద అటూఇటూ జారుతూ తిరుగుతుంది, ఇంకో అణువు ఎదురైతే కొసకి కొస కలిసి కార్బన్–కార్బన్ బంధం పడుతుంది. అలా పూసలు గుచ్చినట్టు గొలుసు పెరుగుతుంది. 2010 పనిలో అణువులు వాలేటప్పుడే బంగారాన్ని 200 డిగ్రీల దగ్గర ఉంచారు, వచ్చినవి వచ్చినట్టు కలిసిపోవడానికి. అణువులు బాగా పలచగా పడితే ఒకదానికొకటి తగలక గొలుసులు పొట్టిగా మిగులుతాయి, తలం నిండుతున్నకొద్దీ పొడవు పెరుగుతుంది.

ఈ దశలో ఎస్‌టీఎం బొమ్మ చూడటం నాకు చాలా ఇష్టం. పట్టీ ఇంకా పట్టీ కాలేదు, అది అచ్చం అల్లిన జడలా ఉంటుంది. పక్కపక్క ఆంథ్రసీన్ల అంచుల్లోని హైడ్రోజన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకని రెండూ చదునుగా పడుకోలేవు. ఒకటి ఇటు వాలితే తర్వాతది అటు వాలుతుంది. పైకి లేచిన అంచులే బొమ్మలో వెలుగు చుక్కలుగా కనిపిస్తాయి, కుడి ఎడమ కుడి ఎడమ అంటూ. ఒకే వైపు చుక్కకీ చుక్కకీ మధ్య దూరం 0.86 నానోమీటర్లు, బైఆంథ్రిల్ పొడవుకి సరిగ్గా సరిపోతుంది. 400 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి మళ్లీ చూస్తే చుక్కలు మాయం. ఎత్తు దాదాపు సగానికి పడిపోయి 0.18 నానోమీటర్ల దగ్గర నున్నటి గీత మిగులుతుంది. జడ పోయి రిబ్బన్ వచ్చింది అని మేం జోకేసుకునేవాళ్లం, తెలుగు రాని ల్యాబ్‌మేట్లకి ఆ జోకు విడమరిచి చెప్పలేక చచ్చేవాణ్ణి.

ఆ రెండో దశకి సైక్లోడీహైడ్రోజినేషన్ అని పేరు. పేరు పెద్దదే గానీ లెక్క చిన్నది, ఒకసారి చేతితో వేసి చూడండి. గొలుసులో ఒక్కో బైఆంథ్రిల్ ముక్కలో 28 కార్బన్లు, 16 హైడ్రోజన్లు ఉంటాయి. రిబ్బన్ అయ్యాక అదే ముక్కలో 28 కార్బన్లు, 8 హైడ్రోజన్లు. పక్కపక్క ఆంథ్రసీన్ల మధ్య, నడిమి బంధానికి అటొకటి ఇటొకటి కొత్త బంధాలు పడతాయి, ఒక్కో బంధానికి రెండు హైడ్రోజన్లు ఊడతాయి. ముక్కకి నాలుగు బంధాలు, ఎనిమిది హైడ్రోజన్లు. ఇక్కడా బంగారం పనిచేస్తోంది. వలయాన్ని కిందికి లాగి ఎదుటి కార్బన్‌కి దగ్గర చేస్తుంది, ఊడిన హైడ్రోజన్‌ని అందుకుంటుంది. ఒకచోట బంధం పడ్డాక ఆ పక్క వలయం కూడా బంగారానికి దగ్గరగా వంగుతుంది, దాంతో తర్వాతి బంధం పడటం తేలికవుతుంది. అందుకే గొలుసులో ఒకవైపు అంచు జిప్పు లాగినట్టు వరసగా మూసుకుంటూ పోతుందనీ, రెండో వైపు ఆ తర్వాతనీ 2012లో బ్లాంకెన్‌బర్గ్, ఆయన సహచరులు చూపించారు. ఒక్కోసారి ఆ సగం కుట్టిన స్థితిలోనే ఆగిపోయిన ముక్కలు కూడా దొరుకుతాయి.

ఇప్పుడు ఆ ఎనిమిది హైడ్రోజన్ల దగ్గర ఆగండి. ఇవే నా శుక్రవారాన్ని పాడుచేసినవి. తలం మీద ఊడిన హైడ్రోజన్ ఊరుకోదు. బ్రోమిన్ దొరికితే దాంతో కలిసి హైడ్రోజన్ బ్రోమైడ్‌గా ఎగిరిపోతుంది, ఇది మనకి మంచిదే, తలం శుభ్రపడుతుంది. ముక్కకి రెండు బ్రోమిన్లకి ఎనిమిది హైడ్రోజన్లు కాబట్టి అన్నిటికీ సరిపోయి మిగులుతుంది కూడా. ఆ మిగిలింది వెళ్లి ఎక్కడైనా ఇంకా పెరుగుతున్న గొలుసు కొస కనిపిస్తే దాని ఖాళీ చేతిని పట్టేసుకుంటుంది. అంతే, ఆ గొలుసు మరి పెరగదు. నింపాదిగా వేడి చేస్తే గొలుసులు పొడవు పెరిగాకే హైడ్రోజన్లు ఊడటం మొదలవుతుంది. గబగబా వేడి చేస్తే రెండూ ఒకేసారి సాగి, ఒక గొలుసు నుంచి ఊడిన హైడ్రోజన్ ఇంకో గొలుసు నోరు మూయిస్తుంది. తుంపులన్నీ అలా వచ్చినవే.

ఇది ఊహ కాదని 9 వరసల పట్టీలు రుజువు చేశాయి. వాటి అణువుకి బ్రోమిన్ తగిలిస్తే కలయిక దశ, హైడ్రోజన్ ఊడే దశ రెండూ ఒకదాని మీదకి ఒకటి వచ్చి పట్టీలు పొట్టిగా మిగిలాయి. బ్రోమిన్ తీసి అయోడిన్ పెట్టారు. కార్బన్–అయోడిన్ బంధం బలహీనం, అది తక్కువ వేడికే తెగుతుంది, కాబట్టి గొలుసు పెరగడానికి ఎక్కువ వ్యవధి దొరికింది. సగటు పొడవు 45 నానోమీటర్ల దాకా వెళ్లింది. 7 వరసల పట్టీల్లో మామూలుగా మనం చూసేది 20, 30. ఒక్క హాలోజన్ మారిస్తే వచ్చిన తేడా ఇది. పట్టీ పొడవు పెంచడం గురించి ఎవరైనా నన్ను సలహా అడిగితే బంగారం మార్చమనను, ముందు ఆ రెండు మెట్ల మధ్య ఎడం పెంచే దారి చూడమంటాను.

అలాగని ఎంత వేడైనా తగిలించొచ్చని కాదు. 400 దాటి బాగా పైకి వెళ్తే పక్కపక్కనున్న పట్టీల అంచుల నుంచి కూడా హైడ్రోజన్లు ఊడి అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. 7తో 7 కలిసి 14, ఇంకోటి కలిస్తే 21. వెడల్పైన పట్టీల కోసం కావాలనే ఇలా చేసేవాళ్లూ ఉన్నారు, కానీ ఎక్కడ కలుస్తాయో మన చేతిలో ఉండదు.

రాగి సంగతి. ఖర్చు ప్రశ్న న్యాయమైనదే. రాగి చురుకైన లోహం, గది ఉష్ణోగ్రతకే బ్రోమిన్లని పీకేస్తుంది. వినడానికి బాగుంది కదా? కానీ అదే డీబీబీఏని కాపర్ 111 మీద వేసి కాస్తే 7 వరసల ఆర్మ్‌చెయిర్ పట్టీ రాదు. అంచు కొంత జిగ్‌జాగ్, కొంత ఆర్మ్‌చెయిర్‌గా ఏటవాలుగా పోయే కైరల్ పట్టీ వస్తుంది. 2014లో ఇది బయటపడ్డప్పుడు నమ్మనివాళ్లు నమ్మలేదు, నాలుగైదు పేపర్ల వాదన నడిచింది. చివరికి ఒక్కో బంధాన్నీ చూపించగల ఏఎఫ్ఎం (సన్నటి మొనతో తలాన్ని తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోప్) బొమ్మలతో విషయం తేలింది. కారణం ఏమిటంటే రాగి కార్బన్‌ని గట్టిగా పట్టుకుంటుంది, కార్బన్–హైడ్రోజన్ బంధాల్ని కూడా తొందరగా కదిలిస్తుంది. మనం బ్రోమిన్ పెట్టి "ఇక్కడ కలువు" అని గుర్తు పెట్టిన చోటు దానికి లెక్కలేదు, తనకి వీలైన చోట కలుపుతుంది. వెండి మధ్యలో ఉంటుంది. దాని మీద 7 వరసల పట్టీ వస్తుంది, 2010 పేపర్లోనే చూపించారు. కాకపోతే వెండి మీద సాధారణంగా కార్బన్–వెండి–కార్బన్ అనే మధ్యంతర గొలుసు కట్టి, తర్వాత వెండిని వదిలించుకునే ధోరణి కనిపిస్తుంది. కాబట్టి బంగారం వాడేది దర్జాకి కాదు, అది చాలినంతే జోక్యం చేసుకుంటుంది కాబట్టి. పైగా పట్టీలు దాని మీద ఎంత వదులుగా ఉంటాయంటే, 2016లో ఏఎఫ్ఎం మొనతో ఒక పట్టీని దాదాపు ఘర్షణ లేకుండా లాగి చూపించారు.

ఖర్చు నిజంగా తగ్గించాలంటే ఏకస్ఫటికం మానేసి, అభ్రకం మీద 200 నానోమీటర్ల బంగారు పొర వేసినది కొనండి. గూడూరు వైపువాళ్లకి అభ్రకం గురించి చెప్పక్కర్లేదు, పొరలు పొరలుగా ఊడొస్తుంది, ఊడిన ముఖం పరమాణువుల మేరకు చదును. దాని మీద పెరిగిన బంగారం చక్కగా 111 ముఖమే చూపిస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. బంగారం మీద ఉన్నంతకాలం పట్టీ ట్రాన్సిస్టర్‌గా పనికిరాదు, కరెంటంతా కింద లోహంలోంచే పోతుంది. ఈ పొరని హైడ్రోక్లోరిక్ ఆమ్లం మీద తేలిస్తే అభ్రకం ఊడిపోతుంది. తేలుతున్న బంగారు పొరని, పట్టీలున్న వైపు కిందికి వచ్చేలా, సిలికాన్ డయాక్సైడ్ మీదకి ఎత్తుకుని, పొటాషియం అయోడైడ్–అయోడిన్ ద్రావణంతో బంగారాన్ని కరిగించేస్తారు. 2017లో 9 వరసల పట్టీలని ఇలాగే దించి, 20 నానోమీటర్ల చానల్‌తో చేసిన ట్రాన్సిస్టర్ ఒక మైక్రోఆంపియర్ దాటి కరెంటు ఇచ్చింది, ఆన్–ఆఫ్ నిష్పత్తి లక్ష. ఆర్మ్‌చెయిర్ అంచులు గాలికి తట్టుకుంటాయి కాబట్టి ఇది సాధ్యమైంది. జిగ్‌జాగ్ అంచులతో ఇదే చేయబోతే ఆక్సిజన్ తినేస్తుంది. లోహమే లేకుండా చేయాలన్న ప్రయత్నాల్లో నాకు నచ్చింది 2020లో సైన్స్ పత్రికలో వచ్చినది, టైటానియం డయాక్సైడ్ మీద ఫ్లోరిన్ బంధాల్ని వాడుకుని కుట్టారు. అణువు తయారీ మాత్రం చాలా కష్టం.

ఇక మీ దగ్గరున్న రామన్. ఎస్‌టీఎం లేదని దిగులు వద్దు, ఈ పనికి అది బాగానే సరిపోతుంది. పట్టీ మొత్తం వెడల్పు దిశలో ఊపిరి పీల్చినట్టు సాగి ముడుచుకునే ఒక కంపనం ఉంటుంది. 7 వరసల పట్టీకి అది 396 వేవ్‌నంబర్ల (రామన్‌లో కంపనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర, 9 వరసలకి 311 దగ్గర పడుతుంది. అంటే దాదాపుగా వెడల్పుకి విలోమంగా తగ్గుతుంది. మీ శాంపిల్‌లో 396 దగ్గర సన్నటి శిఖరం నిక్కచ్చిగా కనిపిస్తే పట్టీలు వచ్చాయి. దానికంటే బాగా కింద, 200 చుట్టుపక్కల కొత్తది లేస్తుంటే పక్క పట్టీలు అతుక్కున్నాయి, ఎవరో రెండో దశలో వేడి ఎక్కువ పెట్టారు. జీ బ్యాండ్ (గ్రాఫీన్ లాంటి కార్బన్ అంతటికీ కనిపించే రామన్ శిఖరం) ఉండి 396 మాత్రం ఎక్కడా లేకపోతే వెడల్పు కుదరని కార్బన్ ముద్ద వచ్చిందని అర్థం. అప్పుడు శాంపిల్ పంపినవాళ్లకి మెయిల్ రాసి, 200 దగ్గర ఎంతసేపు ఆగారో అడగండి.